ఈ ఫిర్యాదు ఎవరి పరిధి? గేమ్ కంపెనీలకు, టోర్నమెంట్ నిర్వాహకులకు, స్ట్రీమింగ్ ప్లాట్‌ఫాంలకు ఒక ప్లేయర్ బహిరంగ లేఖ

గేమ్ కంపెనీల యాజమాన్యాలకు, టోర్నమెంట్లు నడిపేవాళ్లకు, స్ట్రీమింగ్ ప్లాట్‌ఫాంలలో సేఫ్టీ విభాగం చూసేవాళ్లకు,

నమస్కారం.

మీరు చేసే గేమ్స్ అంటే నాకు ప్రాణం. ఆ ఒక్క మాట చెప్పి అసలు విషయంలోకి వస్తాను. ఈ విషయం ఇంతకుముందే మర్యాదగా, ప్రైవేటుగా, మీరు పెట్టిన ఫారాల్లోనే రాసి పంపాను. పట్టించుకోలేదు కాబట్టే ఇప్పుడు అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

ముందు నాకు జరిగింది చెప్తాను. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు ఆడే ఒక షూటర్ గేమ్‌లో ర్యాంక్ మ్యాచ్‌లు ఆడతాను. ఒక మ్యాచ్‌లో మా టీమ్‌లోనే ఉన్న ఒకతను నా గొంతు వినగానే మొదలుపెట్టాడు. మ్యాచ్ అయిపోయాక కూడా ఆగలేదు. బ్లాక్ చేస్తే కొత్త అకౌంట్, అదీ బ్లాక్ చేస్తే ఇంకో అకౌంట్. నా గొంతు రికార్డు చేసి, ముక్కలు ముక్కలుగా కత్తిరించి, బూతులు కలిపి తన స్ట్రీమ్‌లో వేశాడు. తర్వాత నేను పేరిచ్చిన ఒక ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో అతనూ వేరే టీమ్ తరఫున ఆడుతున్నాడని తెలిసింది. గేమ్ కంపెనీకి రాస్తే, స్ట్రీమ్‌లో జరిగింది మా పరిధిలోకి రాదన్నారు. స్ట్రీమింగ్ ప్లాట్‌ఫాంకి రాస్తే, గొడవ గేమ్‌లో మొదలైంది కాబట్టి కంపెనీకే చెప్పుకోమన్నారు. టోర్నమెంట్ నిర్వాహకులేమో, మా మ్యాచ్‌లు జరుగుతున్నప్పుడు ఏమీ జరగలేదు కదా అన్నారు. ఎవరూ కసురుకోలేదు, ముగ్గురూ మర్యాదగానే జవాబిచ్చారు. చివరికి అతను ఆ టోర్నమెంట్ ఆడాడు, నేను తప్పుకున్నాను.

ఇది నా ఒక్కదాని గొడవే అయితే ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు. గేమింగ్‌లో ఆడవాళ్ల గురించి, వేధింపుల ఆరోపణల గురించి పదేళ్లకు పైగా కొట్టుకుంటున్నాం. ఒకవైపు, ఆరోపించినవాళ్లందరినీ నమ్మాలంటారు. ఇంకోవైపు, అన్నీ అబద్ధాలేనంటారు. ఇన్నేళ్ల గొడవలో నాకు అర్థమైంది ఒక్కటే. వినాల్సిన చోట వినకపోతే విషయం రచ్చకెక్కుతుంది. రచ్చకెక్కాక తీర్పు చెప్పేది గుంపు, గుంపుకి సాక్ష్యాలు చూసే ఓపిక ఉండదు. ఫిర్యాదు వినే చోటు కట్టాల్సింది మీరు. మీరు కట్టలేదు. ఈ లేఖ మొత్తం దాని గురించే.

జరిగినవి కొన్ని గుర్తు చేస్తాను, ఎందుకంటే కొత్తగా ఆడుతున్నవాళ్లకి ఇవి తెలియవు, మీకేమో తెలిసినా గుర్తున్నట్టు లేదు.

2014 ఆగస్టులో గేమర్‌గేట్ అనే ఆన్‌లైన్ వేధింపుల ఉద్యమం మొదలైంది. పెద్ద కంపెనీ లేకుండా సొంతంగా గేమ్స్ చేసే జోయీ క్విన్ అనే ఇండీ డెవలపర్ గురించి ఆమె మాజీ ప్రియుడు నెట్‌లో ఒక పెద్ద పోస్టు పెట్టాడు. దాన్ని పట్టుకుని, మంచి రివ్యూ కోసం ఆమె ఒక జర్నలిస్టుతో సంబంధం పెట్టుకుందని ప్రచారం చేశారు. ఆ జర్నలిస్టు ఆమె గేమ్‌కి అసలు రివ్యూనే రాయలేదు. ఇది తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు ఎవరూ పెట్టలేదు, నెలల తరబడి చంపుతామని, రేప్ చేస్తామని బెదిరింపులు మాత్రం వచ్చాయి. ఆ అక్టోబర్‌లో బ్రియానా వూ అనే డెవలపర్ ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. గేమ్స్‌లో ఆడవాళ్లను చూపించే తీరు మీద వీడియోలు చేసే అనీటా సర్కీసియన్ యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడాల్సి ఉండగా, వస్తే కాల్పులు జరుపుతామని బెదిరించారు. లైసెన్సున్నవాళ్లు తుపాకీతో సభకు రావడాన్ని అక్కడి చట్టం ప్రకారం ఆపలేమని చెప్పడంతో ఆమె కార్యక్రమం రద్దు చేసుకున్నారు. గేమ్ జర్నలిజంలో విలువల గురించి నిజంగా బాధపడి అందులో చేరినవాళ్లూ ఉండే ఉంటారు, నేను కాదనను. కానీ మొదటి వారాల్లో పెద్ద కంపెనీలు చాలావరకు నోరు మెదపలేదు. మీ మౌనాన్ని ఆ గుంపు అనుమతి అనుకుంది.

2016లో దక్షిణ కొరియాలో జరిగింది నన్ను ఇంకా ఎక్కువ కుదిపింది. గెగురి అనే పేరుతో ఓవర్‌వాచ్ అనే టీమ్ షూటర్ ఆడే పదిహేడేళ్ల అమ్మాయి గురి మరీ కచ్చితంగా ఉందని, చీట్ సాఫ్ట్‌వేర్ వాడుతోందని ప్రత్యర్థి ఆటగాళ్లు ఆరోపించారు. బెదిరింపులు కూడా వచ్చాయి. కంపెనీ వైపు నుంచి ఆమె చీట్ చెయ్యలేదనే తేలింది. అయినా జనం నమ్మలేదు, అందుకని ఆమె ఒక స్టూడియోకి వెళ్లి, తన చేతుల మీదా స్క్రీన్ మీదా కెమెరాలు పెట్టించుకుని, ముఖానికి మాస్క్ వేసుకుని లైవ్‌లో ఆడి చూపించింది. ఆమె ఆట ముందు ఎంత బాగుందో అక్కడా అంతే బాగుంది. ఆరోపించినవాళ్లు ఆటలోంచి తప్పుకున్నారు. 2018లో షాంఘై డ్రాగన్స్ టీమ్‌లో చేరి ఆ గేమ్ ప్రొఫెషనల్ పోటీ అయిన ఓవర్‌వాచ్ లీగ్‌లోకి వచ్చిన మొదటి అమ్మాయి ఆమే. దీన్ని చాలామంది గెలుపు కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కెమెరాలే కనిపిస్తాయి. బాగా ఆడే ప్రతి అమ్మాయీ స్టూడియోకి వెళ్లి చేతులు చూపించుకోవాలా? అలా చూపించుకునే వీలు లేనివాళ్లు ఎంతమంది ఆట మానేశారో ఎవరు లెక్క రాశారు?

ఇక గేమ్స్ తయారుచేసే కంపెనీల ఆఫీసుల సంగతి. రయట్ గేమ్స్‌లో ఆడ ఉద్యోగుల పట్ల వివక్ష గురించి 2018లో పత్రికలో కథనం వచ్చింది, కోర్టులో కేసు పడింది. 2019లో కోటి డాలర్లతో ముగించబోతే అది చాలా తక్కువని కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థలు అడ్డుపడ్డాయి, చివరికి 2021 డిసెంబర్‌లో 10 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నారు. కోటికి, పది కోట్లకు ఉన్న ఆ తేడా ఒక్కసారి చూడండి. బయటివాళ్లు అడగకపోయి ఉంటే మొదటి అంకెతోనే ఫైలు మూసేసేవారు. యూబీసాఫ్ట్‌లో 2020 వేసవిలో ఆరోపణలు బయటికొస్తే, ముగ్గురు మాజీ అధికారుల మీద ఫ్రాన్స్‌లోని బోబిన్యీ కోర్టు తీర్పు 2025 జూలైలో వచ్చింది. ముగ్గురికీ సస్పెండెడ్ జైలు శిక్షలు, అంటే వెంటనే జైలుకి వెళ్లక్కర్లేని శిక్షలు పడ్డాయి. ఐదేళ్లు పట్టింది. యాక్టివిజన్ బ్లిజార్డ్ మీద 2021 జూలైలో కాలిఫోర్నియా ప్రభుత్వం కేసు వేస్తే, కంపెనీ మొదటి స్పందన చూసి మండిపడ్డ ఉద్యోగులు పని ఆపి బయటికొచ్చారు. 2023 డిసెంబర్‌లో ఆ కేసు సుమారు 5.4 కోట్ల డాలర్లకు సెటిలైంది. కంపెనీ అంతటా లైంగిక వేధింపులు జరిగాయన్న ఆరోపణను ఏ కోర్టూ, ఏ స్వతంత్ర విచారణా రుజువు చెయ్యలేదని కూడా ఆ ఒప్పందంలో రాసుకున్నారు. ఇందులో ఏ పక్షం వాళ్లకైనా మిగిలిందేమిటి? జరిగిందని చెప్పినవాళ్లకు జరిగిందని తేలలేదు. జరగలేదని చెప్పినవాళ్ల పేరు పూర్తిగా శుభ్రపడలేదు. రెండున్నరేళ్ల తర్వాత కూడా అందరి ముందు సాక్ష్యాలు పెట్టి తేల్చిన చోటు ఒక్కటీ లేదు.

ఇవన్నీ పెద్ద పేర్లు, పెద్ద అంకెలు. మామూలుగా ఆడుకునేవాళ్లకీ, చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్లకీ దీనివల్ల ఏం జరుగుతోందో ఇప్పుడు చెప్తాను.

1. అమ్మాయిలు గొంతు దాచుకుని ఆడుతున్నారు. టీమ్ షూటర్‌లో మాటే సగం ఆట. శత్రువు ఎక్కడున్నాడో అర సెకనులో చెప్పాలి. మైక్ బటన్ నొక్కి "ఎడమవైపు మెట్ల కింద ఇద్దరు" అంటాను. అంతవరకూ గలగలా మాట్లాడుతున్న లాబీ ఒక్క క్షణం ఆగిపోతుంది. తర్వాత ఒకడు "అమ్మాయా?" అంటాడు. ఇంకొకడు నవ్వుతాడు. ఆ మెట్ల కింద ఇద్దరి సంగతి ఎవరూ పట్టించుకోరు, రౌండ్ పోతుంది, పోయింది నావల్లే అంటారు. నాకు తెలిసిన అమ్మాయిల్లో కొందరు గొంతు మార్చే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు, కొందరు మగపేర్లతో ఆడతారు, ఎక్కువమంది మైక్ తీసేసి టైపు చేస్తారు. టైపు చేసేలోపు చచ్చిపోతారు. అంటే ఆటలో వాళ్ల ర్యాంక్ వాళ్ల నైపుణ్యాన్ని చూపించడం లేదు.

2. ర్యాంక్ పడిపోతే దానితో పాటు చాలా పోతాయి. మంచి టీమ్‌లు ర్యాంక్ చూసే పిలుస్తాయి, ప్రాక్టీస్ మ్యాచ్‌లకు తెలిసినవాళ్లనే తీసుకుంటాయి. ఆ పరిచయాలు పెరిగేది రాత్రి పొద్దుపోయేదాకా నడిచే వాయిస్ చాట్‌లలో. అక్కడ కూర్చోలేని అమ్మాయికి ట్రయల్స్ ఉన్నాయన్న కబురే అందదు. తర్వాత మీరే, పై స్థాయిలో అమ్మాయిలు ఎందుకు లేరని చర్చా కార్యక్రమాలు పెడతారు.

3. రిపోర్ట్ బటన్ మీద ఎవరికీ నమ్మకం లేదు. నేను వాడిన ఫారంలో ఉన్నవి ఇవి: చీటింగ్, కావాలని ఓడిపోవడం, చెడ్డ పేరు పెట్టుకోవడం, అసభ్య భాష. మ్యాచ్ తర్వాత నెల రోజులు వెంటపడటానికి అందులో గడి లేదు. ఆడియో జత చేసే వీలు లేదు. స్క్రీన్‌షాట్ పెట్టే చోటు లేదు. ఒకే మనిషి వేర్వేరు అకౌంట్లతో వస్తున్నాడని చెప్పాలంటే ప్రతి అకౌంట్‌నీ విడిగా రిపోర్ట్ కొట్టాలి, అవన్నీ ఒకే కథ అని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. జవాబుగా, ధన్యవాదాలు, అవసరమైతే తగిన చర్య తీసుకుంటాం అని ఒక ఆటోమేటిక్ మెసేజ్ వస్తుంది. తీసుకున్నారా? ఏం తీసుకున్నారు? తెలీదు. ఫిర్యాదుకి నంబర్ ఉండదు, మళ్లీ అడగడానికి మనిషి ఉండడు. మ్యాచ్ రీప్లేలు కొన్నాళ్లకి వాటంతట అవే పోతాయి, ఎవరైనా చూద్దామనుకునే సరికి సాక్ష్యం ఉండదు.

4. పిల్లలు. 2020 జూలైలో సూపర్ స్మాష్ బ్రదర్స్ అనే ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లలో వరసగా బయటికొచ్చిన ఆరోపణల్లో చాలావాటిలో బాధితులు అప్పటికి మైనర్లు. అదే నెలలో ఫైటింగ్ గేమ్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన ఈవో టోర్నమెంట్ అధిపతి మీద కూడా ఆరోపణలు వచ్చి, ఆయన్ని తప్పించారు, గేమ్ కంపెనీలు పక్కకి జరిగాయి, ఆ ఏడాది ఆన్‌లైన్ టోర్నమెంట్ రద్దయింది. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు పెద్దవాళ్లతో కలిసి ఆడి, ఒకే హోటల్ గదుల్లో ఉండి, ఒకే చాట్ గ్రూపుల్లో తిరిగే లోకం ఇది. బడిలో, ఆటల అకాడమీలో అయితే పిల్లల బాధ్యత ఎవరిదో రాసి ఉంటుంది. ఇక్కడ రాసి లేదు.

5. చూసినవాళ్లు నోరు విప్పరు. ఎందుకంటే తర్వాతి లక్ష్యం వాళ్లే అవుతారు.

6. ఉద్యోగాలు పోతున్నాయి. చిన్న స్టూడియోల్లో ఫిర్యాదు చెయ్యాల్సిన మనిషి, ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి, ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర భోంచేస్తుంటారు. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకుంటారు? పెద్ద కంపెనీల్లో మరో రకం అడ్డం ఉంటుంది. కోర్టుకి వెళ్లకూడదు, కంపెనీ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి అని ఉద్యోగంలో చేరేటప్పుడే సంతకం పెట్టిస్తారు. 2019 మేలో రయట్ ఉద్యోగులు పని ఆపి బయటికొచ్చింది ఈ షరతు మీదే. యాక్టివిజన్ బ్లిజార్డ్ వేధింపులు, వివక్ష ఫిర్యాదులకు ఈ షరతు వదులుకుంటున్నట్టు 2021 అక్టోబర్‌లో ప్రకటించింది, అదీ కేసు మీద పడ్డాక. 2022 మార్చిలో అమెరికా ఏకంగా చట్టమే చేసింది, లైంగిక వేధింపుల కేసుల్లో ఇలాంటి షరతుతో బాధితుల్ని కట్టెయ్యకూడదని. చట్టం లేని చోట మాత్రం ఆ కాగితం మీద ఇంకా సంతకాలు పెట్టిస్తూనే ఉన్నారు. చెప్పుకునే చోటు లేక ఉద్యోగం వదిలి వెళ్లిపోయిన అమ్మాయికి, ఐదేళ్లు పెట్టి చేసిన గేమ్ క్రెడిట్స్‌లో, అంటే పనిచేసినవాళ్ల పేర్ల జాబితాలో, పేరు కూడా ఉండకపోవచ్చు.

7. ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లకీ న్యాయం జరగడం లేదు. ఈ మాట నా వైపువాళ్లలో కొందరికి నచ్చదని తెలుసు. 2020లో రోల్ ప్లేయింగ్ గేమ్స్ రాసే ఒక పేరున్న రచయిత మీద ఆరోపణలు రాగానే కంపెనీలు వరసగా ఆయనతో సంబంధాలు తెంచుకున్నాయి. ఆయన పరువునష్టం దావా వేశారు. 2023లో సెటిల్‌మెంట్ జరిగి, ఆయన తమపై లైంగిక దాడి చెయ్యలేదని ఆరోపించినవాళ్లే ప్రకటన ఇచ్చారు. ఆ మూడేళ్లు ఆయనకి ఎవరు తిరిగిస్తారు? ఆరోపణ వచ్చిన మొదటి వారంలోనే ఒక స్వతంత్ర కమిటీ ఇద్దర్నీ పిలిచి మాట్లాడి, సాక్ష్యాలు చూసి ఉంటే, నిజం ఎటువైపున్నా ఇన్నేళ్లు పట్టేది కాదు. ఈ ఒక్క కేసు పట్టుకుని, చూశారా అందరూ అబద్ధమే చెప్తారు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి నేను చెప్పేది, విచారణ కావాలని మాతో పాటు మీరూ అడగండి. అబద్ధం బయటపడేది అక్కడే.

ఇప్పుడు నాకు ప్రతిసారీ వినిపించే వాదనలు.

"తిట్లు అందరికీ పడతాయి, ఆట అంటే అంతే" అంటారు. అందరికీ పడతాయి, నిజమే. ఒకే లెక్కన పడవు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో హేలో 3 అనే షూటర్ గేమ్ మ్యాచ్‌లలో ముందే రికార్డు చేసిన ఒకే రకం మాటల్ని కొన్నిసార్లు మగ గొంతుతో, కొన్నిసార్లు ఆడ గొంతుతో వినిపించారు. ఆడ గొంతుకు వచ్చిన చెడ్డ మాటలు మగ గొంతుకు వచ్చినవాటికి మూడు రెట్లు. మాటలు అవే, తేడా గొంతు ఒక్కటే. 2015లో అదే గేమ్ మీద వచ్చిన ఇంకో పరిశోధనలో ఆడ గొంతు మీద ఎక్కువ విరుచుకుపడింది సరిగ్గా ఆడలేకపోతున్న మగవాళ్లేనని తేలింది. బాగా ఆడేవాళ్లు ఎక్కువ మర్యాదగా ఉన్నారు. కాబట్టి దీన్ని పోటీ వేడి అనకండి.

"మ్యూట్ కొట్టు, అయిపోతుంది" అంటారు. మ్యూట్ కొడితే అతని బూతుతో పాటు అతను ఇచ్చే సమాచారం కూడా పోతుంది. తప్పు చేసింది అతను, చెవులు మూసుకుని ఆడాల్సింది నేను.

"ఇది ఫైటింగ్ గేమ్స్ కల్చర్, దీన్ని తీసేస్తే ఆటే ఉండదు" అనే అర్థంలో 2012లో క్యాప్‌కామ్ అనే గేమ్ కంపెనీ నడిపిన ఒక స్ట్రీమింగ్ షో సందర్భంగా ఒక కోచ్ నిజంగానే అన్నాడు. అతని మాటలు రోజుల తరబడి కెమెరాల ముందే భరించిన అమ్మాయి పోటీ వదిలేసింది. తర్వాత అతను క్షమాపణ చెప్పాడు. ఆ కల్చర్ అనే మాట మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది.

"అసలు పేర్లతోనే ఆడాలని రూల్ పెడితే అందరూ దారికొస్తారు" అని మంచి మనసుతో చెప్పేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. 2010 జూలైలో బ్లిజార్డ్ తన చర్చా వేదికల్లో అసలు పేర్లు చూపిస్తామని ప్రకటిస్తే, నమ్మకం కలిగించడానికి తన పేరు పెట్టిన ఒక ఉద్యోగి వ్యక్తిగత వివరాలు చూస్తుండగానే నెట్‌లోకి వచ్చేశాయి. మూడు రోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గింది. అసలు పేరు బయటపడితే ముందు ఇబ్బంది పడేది వేధించేవాడు కాదు.

ఇక మీ వాదన ఒకటుంది, అదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. కోట్ల మంది ఆడతారు, వాయిస్ చాట్ ఎవరు వింటారు, టెక్నికల్‌గా కుదరదు అంటారు. చీటర్లను పట్టడానికి మాత్రం మీకు అన్నీ కుదిరాయి. 2020లో వాలరెంట్ అనే షూటర్ గేమ్‌తో వచ్చిన వాన్‌గార్డ్ అనే చీటింగ్ నిరోధక సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ ఆన్ అయిన దగ్గర్నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొరలో కూర్చుని కాపలా కాస్తుంది. చీటింగ్ చేస్తే అకౌంట్ ఒక్కటే కాదు, ఆ మెషిన్ మీదే బ్యాన్ వేస్తారు. ఎందుకంటే చీటర్ల వల్ల ఆడేవాళ్లు పోతారు, డబ్బు పోతుంది. అమ్మాయిని వెంటాడినవాడికి మాత్రం కొత్త ఈమెయిల్ ఐడీ ఉంటే చాలు, ఐదు నిమిషాల్లో మళ్లీ ఆటలో ఉంటాడు. వాయిస్ సంగతి కూడా అంతే. వాలరెంట్‌లో వాయిస్ రికార్డింగ్‌ను పరీక్షించే పని 2022లో మొదలుపెట్టారు. కాల్ ఆఫ్ డ్యూటీ అనే షూటర్ గేమ్‌లో టాక్స్‌మాడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వాయిస్ చాట్ మీద నిఘా 2023లో మొదలైంది. ట్విచ్ అనే స్ట్రీమింగ్ ప్లాట్‌ఫాం, తన సైట్ బయట జరిగిన తీవ్రమైన నేరాలను కూడా లెక్కలోకి తీసుకుంటామని 2021 ఏప్రిల్‌లో ప్రకటించి, విచారణకు బయటి లా సంస్థను పెట్టుకుంది. అంటే కుదురుతుంది, మా పరిధి కాదన్న మాటకి కూడా మందు ఉంది. ఇవి చేసినవాళ్లను మెచ్చుకుంటున్నాను. మిగతావాళ్లు కూడా చెయ్యాలని, చేసినవాళ్లు సగంలో ఆపకూడదని అడుగుతున్నాను.

మా డిమాండ్లు ఇవి.

1. గేమ్, స్ట్రీమ్, టోర్నమెంట్, మూడింటికీ కలిపి ఒకే ఫిర్యాదు. ఎవరి దగ్గర ముందు నమోదైతే వాళ్లే మిగతా ఇద్దరికీ పంపించాలి, ఫిర్యాదుదారు ఒప్పుకుంటే. పరిధి ఎవరిదో మీలో మీరు తేల్చుకోండి, దానికోసం మమ్మల్ని తిప్పకండి. లైసెన్సు మీది, గేమ్ మీది, కాబట్టి మీ గేమ్‌తో టోర్నమెంట్ నడపాలంటే ఈ విధానం ఒప్పుకోవాలని కంపెనీలు షరతు పెట్టగలవు. ప్రైజ్ మనీ గురించి, లోగో ఎక్కడ పెట్టాలనే దాని గురించి ఇప్పటికే షరతులు పెడుతున్నారు కదా. నేను అన్నిటికన్నా ముందు అడిగేది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

2. ప్రతి ఫిర్యాదుకి ఒక నంబర్, ఒక మనిషి, ఒక గడువు. ఏం నిర్ణయించారో, ఎందుకు నిర్ణయించారో ఇద్దరికీ రాతపూర్వకంగా చెప్పాలి, ఇద్దరికీ అప్పీల్ ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు, యూరప్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన డిజిటల్ సర్వీసెస్ చట్టం ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలను అడిగేది ఇలాంటిదే. అక్కడి ప్లేయర్‌కి ఇవ్వగలిగింది మిగతా ప్రపంచానికి ఎందుకు ఇవ్వరు?

3. ఫిర్యాదు అందిన నిమిషం నుంచి ఆ మ్యాచ్ రీప్లే, ఆడియో, చాట్ చెరిగిపోకుండా పక్కన పెట్టాలి. ఫిర్యాదు తేలాక చెరిపెయ్యండి, ఊరికే అందరి గొంతులూ దాచి పెట్టుకోమని మేం అడగడం లేదు.

4. తీవ్రమైన ఆరోపణల విచారణ బయటివాళ్లు చెయ్యాలి. ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లతో స్నేహం గానీ, జీతం గానీ, స్పాన్సర్‌షిప్ గానీ లేనివాళ్లు. విచారణ అయ్యేదాకా ఎవరి పేర్లూ మీ వైపు నుంచి బయటికి పొక్కకూడదు.

5. రుజువైతే, పదే పదే వెంటాడినవాళ్లకి చీటర్లకు వేసే మెషిన్ బ్యాన్ వెయ్యాలి.

6. మైనర్లు ఆడే ప్రతి టోర్నమెంట్‌లో పిల్లల భద్రతకు బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసి పెట్టాలి. ప్రయాణాలు, హోటల్ గదులు, కోచ్‌లతో ప్రైవేట్ మెసేజ్‌లు, వీటన్నిటికీ నియమాలు ఉండాలి. వాలంటీర్ల మీద వదిలెయ్యకండి, వాళ్లు ఈ బరువు మొయ్యలేరు.

7. వేధింపుల విషయంలో బలవంతపు మధ్యవర్తిత్వం, నోరు మూయించే ఒప్పందాలు అన్ని దేశాల ఆఫీసుల్లోనూ ఎత్తెయ్యాలి, చట్టం అడిగినా అడగకపోయినా.

8. ఏడాదికోసారి లెక్కలు బయటపెట్టండి. ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని తేలాయి, ఎన్ని నిలబడలేదు, సగటున ఎన్ని రోజులు పట్టింది. నిలబడనివి ఎన్నో కూడా చెప్పండి, దాచొద్దు. తప్పుడు ఆరోపణలు ఎన్ని అని ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న జనం ముందు నిజమైన అంకెలు ఉండాలి.

తోటి ప్లేయర్లకి ఒక్క మాట, ముఖ్యంగా మగవాళ్లకి. ఆరోపణ మీద మీ అభిప్రాయం ఏదైనా సరే, లాబీలో ఎవరైనా హద్దు దాటినప్పుడు "ఆపరా, గేమ్ ఆడు" అని ఒకరు అంటే చాలు, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. నేను చూశాను. అమ్మాయి అంటే వాగ్వాదం అవుతుంది, మీరంటే ఆగిపోతుంది. ఇది ఇలా ఉండకూడదు, కానీ ఇప్పటికి ఇలాగే ఉంది. రెండోది, ఎవరి మీద ఆరోపణ వచ్చినా వాళ్ల ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, వాళ్ల అమ్మానాన్నల వివరాలు వెతికి పెట్టకండి. ఆరోపించినవాళ్లవీ, ఎదుర్కొంటున్నవాళ్లవీ కూడా. ఈ లేఖ చదివి నన్ను వేధించినతను ఎవరో కనిపెట్టడానికి ప్రయత్నించకండి. పేరు కావాలనే రాయలేదు. అతని సంగతి తేల్చాల్సింది మీరు కాదు, పైన నేను సంబోధించినవాళ్లు.

అయ్యా, అమ్మా, జవాబు ఎలా ఇవ్వాలో కూడా చెప్తాను. వేధింపులను సహించం అని మీరు ఇప్పటికే చాలాసార్లు ప్రకటనలు ఇచ్చారు, ఇంకొకటి అక్కర్లేదు. పైన ఉన్న ఎనిమిదింటిలో ఏది చేస్తారు, ఏ తేదీలోపు చేస్తారు, ఏది చెయ్యరు, ఎందుకు చెయ్యరు, ఇంతే రాయండి. అందరికీ కనిపించేలా, నెల రోజుల్లోపు రాయండి. చెయ్యలేనిది ఏదైనా ఉంటే కారణం చెప్పండి, కూర్చుని మాట్లాడటానికి మేం సిద్ధం. నా పాత ఫిర్యాదులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి, వాటిని మళ్లీ తెరిచి మొదటి డిమాండ్‌ను వాటితోనే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
మీ గేమ్స్ ఆడే ఒక ప్లేయర్